అత్తమ్మకు సముద్రపు చేప

ఆ రోజు సూర్యలంక ఒడ్డున నా గాలానికి పడిన పండుగప్ప నా నడుము దాకా ఉంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మేం కూర్చునే టీకొట్టులో ఈ మాట చాలా ఏళ్ళు చెప్పాను. బల్ల మీద కొత్తవాళ్ళుంటే చేప ఛాతీ దాకా పెరిగేది. పాతవాళ్ళుంటే మోకాలి దగ్గర ఆపేవాణ్ణి. ఒకసారి ఒక లెక్కల మాస్టారు పట్టుకున్నాడు. "మొన్న ఛాతీ దాకా అన్నారు, ఇవాళ నడుమే అంటున్నారేంటండీ?" అన్నాడు. "మొన్న కూర్చుని చెప్పానండీ, ఇవాళ నిలబడి చెబుతున్నాను" అన్నాను. ఆయన లెక్క వేసుకుంటూ టీ చల్లార్చుకున్నాడు.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొలత సరిచెయ్యాలి. నడుము దాకా లేదు. మోకాలి దాకా లేదు. జానెడు కూడా లేదు. ఆ రోజు నా గాలానికి చేప పడలేదు. పడినవి ఒక పాచి తీగ, ఒక ప్లాస్టిక్ సంచి, నా చొక్కా కాలరు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళినవాడు మా బావ. చుట్టరికం ఏమీ లేదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాని, ఆయన ఫిట్టరు. నాది తెనాలి పక్క పల్లె, ఆయనది జనగామ దిక్కు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే స్టోర్సు కిటికీలోంచి తల పెట్టి, "బావా, రెండు బోల్టులియ్యి" అన్నాడు. మా ఇంటి ఆడపిల్లను ఇతనికి ఎప్పుడిచ్చామా అని ఆలోచించాను. వారం తిరిగేసరికి నేనూ బావా అనడం మొదలుపెట్టాను. ఆయన బావ అయ్యాక వాళ్ళమ్మ నాకు అత్తమ్మ అయింది. ఆవిడ నన్ను అల్లుడా అని పిలిచేది. తర్వాత ఉద్యమం రోజుల్లో టీకొట్టు దగ్గర మాటలు వేడెక్కినా, చివరికి రాష్ట్రాలు రెండయినా, ఈ చుట్టరికాన్ని ఎవరం పంచుకోలేదు. అది ఉమ్మడిగానే ఉండిపోయింది.

ఇది మాత్రం అంతకు ముందు సంగతి. ఉప్పల్ రోడ్డు మీద అప్పటికింకా మెట్రో స్తంభాలు లేవు. ఫ్యాక్టరీకి కొత్త మిషను వస్తే దాన్ని బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడు. చేతిలో పొడుగాటి గొట్టంలాంటి పెట్టె. హైదరాబాదుకు సముద్రం పక్కనే ఉంటుందనుకుని గాలం తెచ్చుకున్నాడట. అది మనకు తెలిసిన గాలం కాదు. దానికి వానపాము గుచ్చక్కర్లేదు, పిండిముద్ద పెట్టక్కర్లేదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి ఒక పురుగులాగానో చేపపిల్లలాగానో బొమ్మ చేస్తారు. దాన్ని ఈగ అంటారట. ఈగకు బరువుండదు, బరువంతా తాడుకే ఉంటుంది. కొరడా ఝుళిపించినట్టు ముందుకూ వెనక్కూ ఊపి ఊపి వదలాలి. 

పాపం, మిషను ఆయనకు ఒక్క ఆదివారం కూడా ఖాళీ ఇవ్వలేదు. వెళ్ళేరోజున, ఇక్కడ సముద్రం వైపు వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. ఆంధ్రా నుంచి వచ్చాడంటే గుమ్మం ముందు అలలు కొట్టుకుంటాయని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏ రోజూ చెడగొట్టలేదు. "ఐ బార్న్ ఇన్ సీ" అన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా ఊపి, పెట్టె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నిజానికి మా ఊరినుంచి సముద్రానికి రెండు బస్సులు మారాలి. అప్పటికి నేను సముద్రం చూసింది రెండుసార్లు. ఒకసారి బడిపిల్లలతో, ఒకసారి కార్తీకమాసంలో మా అమ్మతో. రెండుసార్లూ మోకాళ్ళ దాకా దిగి, చాలనుకుని వెనక్కి వచ్చాను. ఈత ఇప్పటికీ రాదు.

ఇంతటితో ఊరుకుంటే గాలం మా ఇంట్లో అటక మీద ముసలిదయ్యేది. అత్తమ్మకు రక్తపోటు రావడంతో కథ నడిచింది. దవాఖానాలో డాక్టరు ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నాడు. బావ ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో ఆయనకూ ఆయన భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. పచ్చి మామిడికాయను ఉప్పూ కారంతో నమిలి టెంక కూడా చీకే మనిషి, ముందు పళ్ళెం పెట్టుకుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. ముంజేతి మీద బిగుతుగా ఉండే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బావ చూసీ చూడనట్టు తిరిగేవాడు గానీ, లేత్ మిషను దగ్గర నిలబడి ఉన్నట్టుండి, "మా అవ్వ తింటలేదు బావా" అనేవాడు.

ఒక ఆదివారం నాచారంలో వాళ్ళింటికి వెళ్ళాను. అత్తమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుంది. 

"అల్లుడా, సముద్రం నీళ్ళు ఉప్పుగుంటయంట, నిజమేనా?" అని అడిగింది.

"ఉప్పే అత్తమ్మా. నోట్లో పోసుకోలేం."

"మరి గా నీళ్ళల్లనే పుట్టి, గా నీళ్ళల్లనే తిరిగే చాప గూడ ఉప్పుగుంటదా?"

నాకు జవాబు తెలుసు. మా అమ్మ చేపల పులుసులో ఉప్పు ఎంత వేసేదో నా కళ్ళతో చూశాను. కానీ ఆ ముసలి మొహంలో, చాలా నెలల తర్వాత, ఆకలి కనిపించింది. అలాంటప్పుడు నా నోరు నా మాట వినదు. 

"ఉప్పుగా ఉండకేం అత్తమ్మా! మా వైపు సముద్రపు చేపల్లో ఉప్పే వెయ్యరు. వేస్తే నోరు పొక్కిపోతుంది" అన్నాను.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవారా? డాక్టరు ఉప్పు ఎయ్యద్దన్నడు. చాప తినద్దనలె. దేవుడే లోపల ఏసి పంపితె నువ్వేం జేస్తవ్?"

బావ మొహం వెలిగింది. "మిరుగం నాటికి తెస్త అవ్వా. బావ ఉన్నడు గద, గాలం ఉన్నది గద!"

మృగశిర కార్తె మొదలైన రోజు చేప తినాలని ఇక్కడ పట్టింపు. వాళ్ళు మిరుగం అంటారు. ఆ పొద్దున హబ్సిగూడ నుంచి నాగారం దాకా రోడ్ల పక్కన తడి గోనెల మీద బొచ్చెలూ రవ్వులూ మెరుస్తుంటాయి. చేప వండని ఇంటికి ఆ రోజు ఏదో లోటు జరిగినట్టే. నాకు భయం వేసి, "సముద్రపు చేప ఇక్కడి బజార్లోనూ దొరుకుతుంది కదా బావా" అన్నాను.

"గవి ఐసుల పండినయ్ బావా. ఉప్పంత కారిపోయి ఉంటది. మనం తాజాగ పట్టి, సముద్రం నీళ్ళల్లనే ఏసి తెద్దాం. నేను క్యాను పట్టుకొస్త" అన్నాడు. అంత ఆలోచించిన మనిషికి ఏం చెబుతాం?

ఈగలు తయారు చెయ్యడానికి వారం పట్టింది. నాచారం కోడి దుకాణానికి వెళ్ళి ఈకలు అడిగితే దుకాణాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కోడి ఇడిసిపెట్టి ఈకలు తింటరా సార్?" అన్నాడు. మెరుపు కోసం మా ఆవిడ పాత పట్టుచీర అంచులో జరీ లాగాను. ఆవిడ కేకలు వేసింది గానీ, తయారయ్యాక వాటిని చూసి ముచ్చటపడి, బొద్దింకలు కొట్టకుండా బీరువాలో తన పట్టుచీరల మధ్య దాచింది. విసరడం మాత్రం మా డాబా మీద నేర్చుకున్నాను. బావ బకెట్టు పట్టుకుని ఆ చివర చేపలా నిలబడేవాడు. మూడో రోజున కొక్కెం వెళ్ళి ఆయన లుంగీకి తగులుకుంది. పెద్ద చేప పడ్డట్టే తాడు లాగాను. 

"ఆగు ఆగు బావా! జర మెల్లగ గుంజు, కిందింట్లోల్లు చూస్తున్నరు" అని రెండు చేతులతో లుంగీ పట్టుకుని నాతోపాటు నడిచి వచ్చాడు.

మిరుగానికి ముందు రోజు తెల్లవారేసరికి బాపట్లలో రైలు దిగి, ఆటోలో సూర్యలంక చేరాం. అంత మంచి వాతావరణం నేను మళ్ళీ చూడలేదు, ఈ మాటలో అతిశయోక్తి లేదు. రెండు రోజుల కిందటి వాన సరుగుడు తోటలను కడిగి పెట్టింది. ఎండ వీపుకు హాయిగా ఉంది. గాలి ఉన్నట్టు చొక్కాకు తెలుస్తోంది గానీ తాడుకు తెలియడం లేదు. సముద్రం ఇస్త్రీ చేసినట్టుంది. గాలి ఉంటే గాలిని తిట్టుకోవచ్చు, అలలు లేస్తే అలల మీద నెట్టెయ్యవచ్చు. ఆ రోజు దేన్నీ తిట్టడానికి లేదు.

బావకు అదే మొదటిసారి. ఇసుకలో నిలబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ళతో కొలిచాడు. తర్వాత మెల్లగా, "గట్టు ఏడున్నది బావా?" అన్నాడు.

"సముద్రానికి గట్టుండదు."

"మరి నిండితె మత్తడి ఎటుకెళ్ళి దుంకుతది?"

చెరువు నిండితే అలుగు పారడం చూస్తూ పెరిగినవాడు అడగవలసిన ప్రశ్నే. జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వంగి, దోసిట్లో నీళ్ళు పట్టి, నాలుకకు తగిలించుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఆ కళ్ళల్లో పండగ ఉంది. "కటిక ఉప్పు బావా! అవ్వ అన్నది నిజమే!" అని క్యాను ముంచి నింపుకున్నాడు.

నేను గాలం బిగించాను. మొదటి విసురుకు తాడు నా మెడకు చుట్టుకుంది. రెండో విసురుకు కొక్కెం వెనక నుంచి వచ్చి కాలరు పట్టుకుంది. తర్వాత కొంచెం దారికొచ్చింది గానీ ఈగ వెళ్ళి నా ముందు పది బారల్లోనే పడుతోంది. అక్కడ నీళ్ళు నా మోకాలి దాకా ఉన్నాయి. అవతల, నాకు అందనంత దూరంలో, వెండి చేపలు గుంపుగా పైకి ఎగిరి పడుతున్నాయి. ఎడమకు విసిరితే కుడివైపు ఎగురుతాయి. కుడికి విసిరితే ఎడమవైపు. 

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక, "ఏంటి బాబాయ్, దోమల్ని తోల్తన్నారా?" అని కేకేశాడు.

నాకంటే ముందు బావకు పౌరుషం వచ్చింది. "నీకేమెరుక? గాయన సముద్రంలనే పుట్టిండు!"

"ఆహా! మరి ఆ పుట్టినాయన బూట్లేసుకుని దిగాడేంటండీ నీళ్ళల్లోకి?"

బావ నా కాళ్ళ వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. బూట్లే. ఫ్యాక్టరీవి. 

మధ్యాహ్నమైంది. భుజం పీకుతోంది. చేప ముట్టలేదు. బావ పాపం లేచి వచ్చి, ఈగను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "గిదేంది బావా, పెండ్లిల పట్టుచీరల వాసనొస్తున్నది?"

బీరువాలో మా ఆవిడ చీరల మధ్య పెట్టే కలరా ఉండల వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా! మా ఆవిడ చేసిన పని! ఈ వాసనకు చేప ఈ జిల్లాలోనే ఉండదు" అని అరిచాను. కలరా ఉండలు పాపం ఏం చెయ్యలేదు. అంత దూరంలో ఉన్న చేపలకు ఆ వాసన తెలిసే అవకాశమే లేదు. ఈ సంగతి మా ఆవిడకు ఇప్పటిదాకా చెప్పలేదు. చదివి తెలుసుకుంటుంది.

ఇంకో నిజం కూడా ఉంది. చేప పడకపోతున్న కొద్దీ పైకి విచారంగా ఉన్నాను గానీ లోపల హాయిగా ఉంది. చేప లేకపోతే పులుసు లేదు. పులుసు లేకపోతే అందులో ఉప్పుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళి సముద్రాన్ని నాలుగు మాటలని బయటపడవచ్చు.

ఆ హాయి సాయంత్రం దాకా నిలవలేదు. జాలర్లు ఒడ్డుకు వల లాగారు. బావ వెళ్ళి బేరమాడి, మూరెడు పండుగప్పను రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. నీళ్ళ క్యానులో తలకిందులుగా పెట్టాడు. తోక బయటికే ఉంది. ఆ తోకను పట్టుకుని, "సాలు బావా, పని అయింది. నువ్వు పట్టినవనే చెప్త. టీకొట్టు కాడ గూడ గట్లనే చెప్త, ఫికర్ జెయ్యకు. మా అవ్వ కడుపు నిండ తింటె సాలు" అన్నాడు.

ఆయన జీవితంలో అబద్ధం ఆడగా నేను వినలేదు. బోల్టు విరగ్గొడితే తనే వచ్చి విరగ్గొట్టానని చెప్పే మనిషి. నా పరువు కోసం ఆయన మొదటి అబద్ధం సిద్ధం చేసుకుంటున్నాడు, నేను చెప్పిన అబద్ధమేమో రేపు ఆ ముసలావిడ పళ్ళెంలో పడబోతోంది. 

"బావా, దీనిలో ఉప్పుండదు" అన్నాను.

"నీళ్ళల్లనే పెట్టిన గద?"

"పెట్టినా ఉండదు. ఏ సముద్రపు చేపలోనూ ఉండదు. చెరువు చేప ఎంత చప్పనో ఇదీ అంతే. మా అమ్మ గుప్పెడు వేసేది."

ఆయన నన్నే చూశాడు. "నువ్వు సముద్రంల పుట్టినవ్ గద?"

"రెండు బస్సులు మారాలి."

"ఈత?"

"రాదు."

"గంత పెద్ద చాపలు పట్టిన్నంటివి?"

"బజార్లో చూశాను."

తిడితే బాగుండేది. ఇసుకలో కూలబడ్డాడు. "నెల సంది మిరుగమెప్పుడని అడుగుతున్నది బావా. పొద్దున లేస్తె గదే ముచ్చట. చింతపండు గూడ తనే ఏరి పెట్టుకున్నది. ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పాలె?" లేచి, చేపను బయటికి తీసి, క్యానులో నీళ్ళు తీసుకెళ్ళి సముద్రంలో జాగ్రత్తగా పోసి వచ్చాడు. "నేను చెప్ప. నువ్వే చెప్పు" అన్నాడు.

జాలరి చేపను సముద్రపు నీళ్ళలో తడిపిన గోనెలో చుట్టి, ఐసుపెట్టెలో పెట్టిచ్చాడు. తిరుగు రైల్లో బావ నాకు వీపు పెట్టి కిటికీ వైపు కూర్చున్నాడు. కానీ జొన్నరొట్టె మూట విప్పినప్పుడు సగం నా వైపు జరిపాడు.

పొద్దున నాచారంలో మేం లోపల అడుగుపెట్టేసరికి అత్తమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చింతపండు నానబెట్టిన గిన్నె పక్కనే పెట్టుకుని కూర్చుంది. గోనె విప్పాం. "ఎంత సక్కగున్నదో!" అంటూ చేప మీద వేలు రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. ఒక్కసారిగా నవ్వింది. 

"ఉప్పుగనే ఉన్నదిరా!"

బావ నా వైపు తిరిగాడు. ఆ క్షణంలో నేను నోరు మూసుకుంటే ఇంకో గంట దాకా అందరం సుఖంగా ఉండేవాళ్ళం. 

"అది గోనె తడి అత్తమ్మా. కడిగితే పోతుంది. లోపల ఉప్పుండదు. నేను అబద్ధం చెప్పాను."

ఆవిడ వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. "చాప నువ్వు పట్టలేదా?"

"లేదు."

"మరి పొద్దుందాక గాడ ఏం జేసినవ్?"

"దోమల్ని తోలాను."

ఆవిడ నవ్వలేదు. చింతపండు గిన్నెను కోడలి వైపు తోసి, "వండు. ఉప్పు ఎయ్యకు. నా అల్లునికి గూడ గదే పెట్టు. నా ముంగట కూసోబెట్టు" అంది.

పులుసు ఉడికింది. ఆవిడకూ నాకూ ఎదురెదురుగా పళ్ళేలు పెట్టారు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. చింతపండు పులుపు ఒక మూల నిలబడింది, కారం ఒక మూల, మెంతి చేదు ఇంకో మూల. ఆ మూడింటినీ కలిపి కూర్చోబెట్టే మనిషి ఇంట్లో లేడు. ముద్ద గొంతు దగ్గర ఆగింది. అత్తమ్మ తన పళ్ళెం ముట్టుకోకుండా నా గొంతునే చూస్తోంది.

"ఎట్లున్నది?"

అలవాటు కదా, "అమోఘం" అన్న మాట సగం బయటికి వచ్చేసింది. మిగతా సగం మింగి, "చప్పగా ఉంది అత్తమ్మా. గడ్డి నమిలినట్టుంది. మింగుడు పడటం లేదు" అన్నాను.

ఆవిడ ఒళ్ళంతా కదిలేట్టు కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవారా? ఇన్నవా? ఇన్ని నెలల సంది అడుగుతున్న. నువ్వు మంచిగనే ఉందంటవ్. నీ పెండ్లాము మంచిగనే ఉందంటది. ఇంటికొచ్చినోల్లు గూడ మంచిగనే ఉందంటరు. మీరంత ఉప్పేసుకుని తిని నాకు చెప్తున్నరు. నా నాలుకే సచ్చిందని, ఇగ నాకు దినాలు దగ్గరవడ్డయని అనుకున్న గదరా!" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "గడ్డి నమిలినట్టుందంట. ఇను."

బావ వంటింట్లోకి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చుకుని మా పక్కన కూర్చున్నాడు. అదే పులుసు పోయించుకుని ఒక ముద్ద తిన్నాడు. చాలాసేపు నమిలాడు. 

"గలీజుగ ఉన్నదవ్వా" అన్నాడు, తల ఎత్తకుండా.

"మరి!" అంది అత్తమ్మ. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పెద్ద ముద్ద కలిపింది. ప్రతి ముద్దకూ "చీ, ఏమన్న ఉన్నదా గిండ్ల" అని తిడుతూ, మేమిద్దరం "లేదు, లేదు" అంటుంటే, ఆ పళ్ళెం మొత్తం తిన్నది. మళ్ళీ అన్నం పెట్టించుకుంది. వాళ్ళ కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడి చూస్తోంది.

"గట్ల సూస్తవేందే?" అంది అత్తమ్మ ఆమెతో. "అల్లునికి తలకాయ ఎయ్యి. మర్యాద తెల్వదా?"

వేసింది. తలకాయ కూర అంటే నాకు ప్రాణమని టీకొట్టులో ఎన్నోసార్లు చెప్పాను, అది మాత్రం నిజమే. ముగ్గురూ చూస్తుండగా ఎముక ఎముకా విడదీసి తిన్నాను. అందులో కూడా ఉప్పు లేదు.